టెక్సస్‌లో ఇల్లో ప్లాటో పన్ను వేలానికి పోయిందా? మిగులు సొమ్ము ఇలా రాబట్టుకోండి

"ప్రాపర్టీ ట్యాక్స్ కట్టలేదని కౌంటీ మా ప్లాటు వేలం వేసేసింది. బాకీ ఇరవై ఎనిమిది వేల డాలర్లు, పాట తొంభై వేలకు పోయిందట. మిగతాది ఎవరికి పోతుంది?" డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ వైపు స్థలాలు కొని తర్వాత ఇండియా వెళ్లిపోయినవాళ్ల నుంచి ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. విడివిడిగా జవాబులు చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

ఆ డబ్బు మీకే రావాలి. దాని మీద హక్కున్న వేరే అప్పులవాళ్లుంటే ముందు వాళ్లది పోతుంది, మిగిలింది మీది. కానీ ఎవరూ చెక్కు రాసి ఇంటికి పంపరు. వేలం జరిగి రెండేళ్లు నిండేలోపు కోర్టులో అర్జీ పెట్టి అడగాలి. అడగకపోతే ఆ సొమ్మును పన్ను సంస్థలే, అంటే ఆ ఆస్తి మీద పన్ను వేసే కౌంటీ, సిటీ, స్కూల్ డిస్ట్రిక్టు లాంటివే పంచేసుకుంటాయి.

బ్యాంకు లోను నడుస్తున్న ఇళ్లకు ఈ బాధ అరుదు. నెల కిస్తీలోనే పన్ను డబ్బు పట్టుకుని బ్యాంకే కట్టేస్తుంది, ఒకవేళ మీరు మానేసినా తన లోను కాపాడుకోవడానికి ముందు తనే కట్టి తర్వాత మీ దగ్గర వసూలు చేస్తుంది. దెబ్బ తగిలేది లోను తీరిపోయిన ఇళ్లకు, ఖాళీ ప్లాట్లకు, నలుగురు స్నేహితులు కలిసి ఎల్ఎల్‌సీ అనే రకం కంపెనీ పేరున కొన్న భూములకు, యజమాని పోయాక వారసులు పట్టించుకోని ఆస్తులకు.

ఇదంతా టెక్సస్ సంగతి అని గుర్తుంచుకోండి. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. మిషిగన్‌లో ఆస్తి జప్తయిన ఏడాది జులై 1 లోపు 5743 నంబరు ఫారం ఇవ్వకపోతే హక్కే పోతుంది. మిగులు మొత్తం ప్రభుత్వమే ఉంచేసుకోవడం రాజ్యాంగ విరుద్ధమని 2023 మేలో అమెరికా సుప్రీంకోర్టు టైలర్ వర్సెస్ హెన్నెపిన్ కౌంటీ కేసులో ఏకగ్రీవంగా తేల్చింది. ఆ కేసు మినసోటాది. డబ్బు మీదేనని కోర్టు చెప్పినంత మాత్రాన గడువులు పోలేదు.

డబ్బు ఏ వరసలో పంచుతారు

టెక్సస్ ట్యాక్స్ కోడ్‌లో 34వ అధ్యాయం చూడండి. పాట సొమ్ములోంచి ముందు వేలం ప్రకటన ఖర్చు, కోర్టు నియమించిన లాయరు ఫీజు, కోర్టు ఖర్చులు, వేలం వేసిన షెరిఫ్ లేదా కానిస్టేబుల్ కమిషన్ పోతాయి. తర్వాత పన్ను బాకీ కేసులో కోర్టు ఇచ్చిన తీర్పులో ఉన్న పన్నులు, జరిమానాలు, వడ్డీలు, పన్ను సంస్థల లాయర్ల ఫీజులు. అవన్నీ పోను మిగిలింది కోర్టు క్లర్కు దగ్గర రిజిస్ట్రీలో, అంటే కోర్టు అధీనంలోని ఖాతాలో, జమ అవుతుంది. మన గొడవంతా దీని గురించే.

ఈ మిగులు మీద అర్జీలు వస్తే జడ్జి ఈ వరసలో ఇస్తాడు:

- వేలం చెల్లదని తేలితే, పన్ను సంస్థల మీద కేసు గెలిచిన కొనుగోలుదారుడికి.
- తీర్పు తర్వాత పడిన పన్నులకు, తీర్పులో పొరపాటున వదిలేసిన పన్నులకు.
- లీన్ (ఆస్తి మీద అప్పు హక్కు) ఉన్న ఇతర అప్పులవాళ్లకు: బ్యాంకు, పన్ను కట్టడానికి అప్పిచ్చిన కంపెనీ, ఇళ్ల యజమానుల సంఘం అంటే హెచ్ఓఏ, ఐఆర్ఎస్ (అమెరికా కేంద్ర పన్నుల శాఖ) లాంటివాళ్లకు, వాళ్లలో వాళ్ల ప్రాధాన్యాన్ని బట్టి.
- తీర్పులో ఉండి వేలం డబ్బుతో తీరని పన్ను బాకీలకు.
- చివరగా పాత యజమానికి, అంటే మీకు.

ముందు దగ్గర పెట్టుకోవలసినవి

- వేలం తర్వాత కొన్నవాడి పేరున రాసిన షెరిఫ్ డీడ్ నకలు. కానిస్టేబుల్ వేలం వేస్తే కానిస్టేబుల్ డీడ్ అంటారు.
- పన్ను కేసు కాజ్ నంబరు (కోర్టు కేసు నంబరు), తీర్పు నకలు.
- మీరు కొన్నప్పటి డీడ్.
- లోను తీర్చేసి ఉంటే, లీన్ వదిలేసినట్టు కౌంటీలో రికార్డయిన రిలీజ్ పత్రం.
- పాస్‌పోర్టు లేదా టెక్సస్ లైసెన్సు. సోషల్ సెక్యూరిటీ నంబరు, లేదంటే ఐటిన్ (ఆ నంబరు లేనివాళ్లకు ఐఆర్ఎస్ ఇచ్చే పన్ను నంబరు).
- యజమాని చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం, వారసత్వం చూపే కాగితాలు.
- ఇంకా నడుస్తున్న అమెరికా బ్యాంకు ఖాతా. ఇండియాలో కూర్చుని డాలరు చెక్కు వసూలు చేయించుకోవడం పెద్ద తలనొప్పి, అందుకే పాత ఖాతా ఉంటే తొందరపడి మూసేయొద్దు.

1. వేలం ఎప్పుడు, ఎంతకు, ఎవరికి పోయిందో తేల్చుకోండి

ఆస్తి ఏ కౌంటీలో ఉందో ముందు చూసుకోండి. ఊరి పేరు చూసి ఊహించొద్దు. ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. కేటీ మూడు కౌంటీల్లో పరుచుకుని ఉంది. ఆ కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ (పన్ను కోసం ఆస్తుల విలువ కట్టే సంస్థ) సైట్‌లో పాత చిరునామా కొడితే ఇప్పటి యజమాని పేరు కనిపిస్తుంది. తర్వాత కౌంటీ క్లర్కు సైట్‌లో ఆస్తి రికార్డులు వెతికి షెరిఫ్ డీడ్ పట్టుకోండి. వేలం తేదీ, పాట మొత్తం, కాజ్ నంబరు మూడూ ఆ ఒక్క కాగితంలోనే దొరుకుతాయి.

కొత్త యజమాని పేరు చోట కౌంటీయో స్కూల్ డిస్ట్రిక్టో కనిపిస్తే, ఆ రోజు ఎవరూ పాట పాడలేదని, ఆస్తిని పన్ను సంస్థల పేరునే రాసేశారని అర్థం. ఆ వేలంలో మిగులు లేదు. అలాగే కనీస పాటకే పోయినా మిగులు ఉండదు.

2. రిజిస్ట్రీలో డబ్బు ఉందో లేదో అడగండి

ఇక్కడి నుంచి పని డిస్ట్రిక్ట్ క్లర్కుతో. డీడ్లు దాచే కౌంటీ క్లర్కు వేరు, కోర్టు కాగితాలు చూసే డిస్ట్రిక్ట్ క్లర్కు వేరు. చాలామంది మొదటి ఆఫీసుకు ఫోన్ చేసి "ఇక్కడేం లేదు" అనిపించుకుని ఆశ వదిలేసుకుంటారు.

కాజ్ నంబరు చెప్పి రెండు ప్రశ్నలు అడగండి: ఈ కేసులో ఎక్సెస్ ప్రొసీడ్స్ (మిగులు సొమ్ము) జమ అయ్యాయా, ఎంత? ఇప్పటికే ఎవరైనా అర్జీ పెట్టారా? క్లర్కు న్యాయ సలహా ఇవ్వరు. ఈ రెండింటికీ జవాబు మాత్రం చెబుతారు. కొన్ని కౌంటీలు ఈ సొమ్ముల జాబితా సైట్‌లోనే పెడతాయి.

మిగులు 25 డాలర్లు దాటితే, డబ్బు అందిన 31వ రోజు రాకముందే క్లర్కు మీ చివరి చిరునామాకు సర్టిఫైడ్ మెయిల్ పంపాలి. మీరు గచ్చిబౌలిలో ఉంటే ఆ ఉత్తరం ప్లేనోలోని పాత అపార్ట్‌మెంటుకు వెళ్లి తిరిగొచ్చేసి ఉంటుంది. ఉత్తరం అందకపోయినా గడువు ఆగదు.

ఇంకో మాట. టెక్సస్ కంప్ట్రోలర్ (రాష్ట్ర ఖజానా అధికారి) నడిపే అన్‌క్లెయిమ్డ్ ప్రాపర్టీ (ఎవరూ అడగని సొమ్ముల) సైట్‌లో పేరు వెతికి, లేదు కాబట్టి డబ్బు లేదనుకోవద్దు. గడువు దాటిన మిగులు అక్కడికి వెళ్లదు, పన్ను సంస్థల ఖాతాలకు పోతుంది.

3. గడువు లెక్కపెట్టండి

అర్జీ వేలం జరిగిన తేదీకి రెండో వార్షికం రాకముందే దాఖలవ్వాలి. 2025 జూన్ 3, మంగళవారం వేలం జరిగిందనుకోండి. 2027 జూన్ 2 ఆఖరి రోజు. ఆ రోజు దాకా ఆగడం తెలివితక్కువ పని, ఎందుకంటే ఫైలింగ్‌లో చిన్న తప్పుంటే తిప్పి పంపుతారు.

ఆస్తిని విడిపించుకునే హక్కుతో దీన్ని కలిపేసి చాలామంది తికమకపడతారు. విడిపించుకునే గడువు లెక్క వేలం రోజు నుంచి కాదు, కొన్నవాడి డీడ్ రికార్డయిన రోజు నుంచి మొదలవుతుంది. సొంతంగా ఉంటున్న హోమ్‌స్టెడ్ ఇల్లు, వ్యవసాయ భూమి అయితే రెండేళ్లు. మొదటి ఏడాది కొన్నవాడి సొమ్ము మీద 25 శాతం, రెండో ఏడాది 50 శాతం అదనంగా కట్టాలి. మామూలు ఖాళీ ప్లాటుకు 180 రోజులే, అదనం 25 శాతం. ఆస్తే వెనక్కి కావాలనుకుంటే, లేదా అసలు మీకు నోటీసే సరిగ్గా ఇవ్వలేదు, వేలమే చెల్లదు అనుకుంటే, మిగులు కోసం అర్జీ వేయకముందే లాయరుతో మాట్లాడండి. డబ్బు తీసుకున్నాక వేలం చెల్లదని వాదిస్తే అవతలివాళ్లు మీ సంతకాన్నే మీకు చూపిస్తారు.

4. మీకంటే ముందు ఎవరున్నారో చూసుకోండి

ఈ మెట్టు దాటేసి నేరుగా అర్జీ పెట్టేవాళ్లే కోర్టు వాయిదా (విచారణ) రోజున నోరు వెళ్లబెడతారు. కౌంటీ క్లర్కు సైట్‌లో మీ పేరుతో, ఎల్ఎల్‌సీ ఉంటే దాని పేరుతో, వెతకండి. పాత లోను డీడ్ ఆఫ్ ట్రస్ట్ (తాకట్టు పత్రం), హెచ్ఓఏ లీన్, ఐఆర్ఎస్ లీన్, కాంట్రాక్టరు లీన్, కోర్టు తీర్పు లీన్ ఏవైనా ఉన్నాయా?

లోను తీర్చేశాం కదా అనుకుంటే చాలదు. రిలీజ్ రికార్డు కాకపోతే కాగితం మీద ఆ బ్యాంకు ఇంకా అప్పులవాడే. బ్యాంకులు విలీనమై పేర్లు మారిపోతాయి కాబట్టి ఈ రిలీజ్ పత్రం సంపాదించడానికి వారాలు పట్టొచ్చు. పని ఇక్కడినుంచే మొదలుపెట్టండి.

కౌంటీ పన్ను ఆఫీసు సైట్‌లో తీర్పు తర్వాతి ఏళ్ల పన్ను చూడండి. కొన్నవాడు అది కట్టేసి ఉంటే ఆ స్టేట్‌మెంట్ నకలు తీసి పెట్టుకోండి. కట్టేసిన పన్నును మిగులులోంచి మళ్లీ అడగకుండా అది పనికొస్తుంది.

5. సొంతంగా వేస్తారా, లాయరును పెట్టుకుంటారా

ఆస్తి మీ ఒక్కరి పేరున ఉండి, అప్పులేం లేకపోతే సొంతంగా వేసుకోవచ్చు. ఈ కింది మూడు సందర్భాల్లో మాత్రం లాయరు తప్పదు.

ఆస్తి ఎల్ఎల్‌సీ పేరున ఉంటే కంపెనీ తరఫున లాయరే కోర్టుకు రావాలి, మీరు మేనేజింగ్ మెంబరైనా సరే. ఫ్రాంచైజ్ ట్యాక్స్ (కంపెనీల మీద టెక్సస్ వేసే పన్ను) రిపోర్టులు ఇవ్వక ఆ ఎల్ఎల్‌సీ రద్దయి ఉంటే ముందు దాన్ని బతికించుకోవాలి.

రెండోది మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు: "టెక్సస్‌లో ఉన్న మా బావమరిదికి జీపీఏ ఇచ్చాను, వాడు కోర్టుకెళ్తాడు." పవర్ ఆఫ్ అటార్నీతో మీ బావమరిది కాగితాలు తెచ్చిపెట్టొచ్చు, సంతకాలు పెట్టొచ్చు. లాయరు కాకుండా మీ తరఫున కోర్టులో వాదించలేడు. మీరే అర్జీదారుగా ఉండి జడ్జిని ఆన్‌లైన్ హాజరుకు అనుమతి అడగడం ఒక దారి.

మూడోది వారసుల మధ్య, భాగస్వాముల మధ్య పేచీ ఉన్నప్పుడు.

ఇక ఫీజు. పాత యజమానికి మిగులు ఇప్పించినందుకు లాయరు తీసుకోగలిగేది వచ్చిన దాంట్లో 25 శాతం లేదా 1,000 డాలర్లు, ఏది తక్కువైతే అది. లాయరు కానివాళ్లు ఫీజే తీసుకోకూడదు. ట్యాక్స్ కోడ్‌లోని 34.04 సెక్షన్‌లో ఉన్న మాట ఇది. కాబట్టి "మీకు డబ్బుంది, 40 శాతం ఇస్తే తెచ్చిపెడతాం" అని ఫోన్ చేసేవాడికి మీరు ఇవ్వవలసింది ఏమీ లేదు. "మీ హక్కు మాకు రాసివ్వండి" అనే ఇంకో రకం వాళ్లూ ఉంటారు. దానికీ షరతులున్నాయి: డబ్బు రిజిస్ట్రీలో పడి 36వ రోజు వచ్చాకే రాయించుకోవాలి, ఎదురుగా వచ్చో ఫోన్ చేసో ఒప్పించి రాయించుకోకూడదు, రాసిన రోజే మీ వాటాలో కనీసం 80 శాతం మీ చేతిలో పెట్టాలి. ఐదు వేలు ముట్టజెప్పి యాభై వేల హక్కు రాయించుకునేవాడు చట్టం తప్పుతున్నట్టే. సంతకం పెట్టొద్దు.

ఈ ఫీజు పరిమితి వల్ల చిక్కు కేసులంటే కొందరు లాయర్లు ఆసక్తి చూపరు. స్టేట్ బార్ ఆఫ్ టెక్సస్ వాళ్ల లాయర్ రిఫరల్ సర్వీసు ప్రయత్నించండి. ఆదాయం తక్కువైతే హ్యూస్టన్ వైపు లోన్ స్టార్ లీగల్ ఎయిడ్, డాలస్ వైపు లీగల్ ఎయిడ్ ఆఫ్ నార్త్‌వెస్ట్ టెక్సస్ ఉన్నాయి.

6. అర్జీ రాయండి

కొత్త కేసు వేయనక్కర్లేదు. పాత పన్ను కేసు కాజ్ నంబరు కిందే, అదే కోర్టులో దాఖలు చేయవచ్చు. ఇవి తప్పకుండా ఉండాలి:

- పాత కేసు పేరు, నంబరు, కోర్టు. ఒక్క అంకె తప్పినా వేరే కేసులో పడుతుంది.
- మీరెవరు, ఆ తీర్పులో ప్రతివాదిగా ఉన్నారా.
- ఆస్తి చిరునామా, డీడ్‌లో ఉన్న లీగల్ డిస్క్రిప్షన్ (లాటు, బ్లాకు లాంటి ఆస్తి వివరణ) అక్షరం పొల్లుపోకుండా.
- తీర్పు తేదీ, వేలం తేదీ, పాట మొత్తం, రిజిస్ట్రీలో ఉన్న మొత్తం.
- మీ వాటా ఎంత, ఎందుకు.
- మీకు తెలిసిన ఇతర హక్కుదారులు. దాచొద్దు, వాళ్లకు కూడా నకలు పంపాలి.
- 34.04 కింద సొమ్ము ఇప్పించమన్న విన్నపం, సంతకం, చిరునామా, ఈమెయిల్.

వడ్డీ, ఖర్చులు అడగొద్దు. ఈ సెక్షన్ కింద అవి ఇవ్వరు.

కేసు నడిచినప్పుడు మీరు దొరక్క పత్రికా ప్రకటనతో నోటీసు ఇచ్చి ఉన్నా మీరు ప్రతివాదే, అర్జీ పెట్టొచ్చు. తీర్పు తర్వాత ఆస్తిని మీ దగ్గర రాయించుకున్న బయటివాడికి మాత్రం ఈ సొమ్ములో హక్కు రాదు. మీకు మూడో డిగ్రీ లోపు బంధువైనా, వీలునామా లేదా వారసత్వం ద్వారా వచ్చినవాడైనా అయితే వేరు.

పేర్ల సంగతి. మన పేర్లతో ఇక్కడ మామూలుగా రాని చిక్కులొస్తాయి. డీడ్ మీద ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో చివర. ఒకచోట "వెంకట సత్య నాగ" మొత్తం, ఇంకోచోట ఒట్టి "వి." పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా కాగితాల్లో ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు అనే గుర్తు) చేరుతుంది. పెళ్లయ్యాక భార్య పేరు మారి ఉండొచ్చు. పేర్లన్నీ ఒకే మనిషివని చెప్పే అఫిడవిట్ అర్జీతోనే జతచేయండి. జడ్జి అడిగాక పరిగెత్తితే వాయిదా పోతుంది.

ఇండియా నుంచి సంతకాలు. నోటరీ కావాలంటే హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోవచ్చు, ఒక్కో సీలుకు 50 డాలర్లు. దానికంటే తేలికదారి ఉంది. టెక్సస్ చట్టం చాలా సందర్భాల్లో నోటరీ లేని ప్రమాణ ప్రకటనను అఫిడవిట్ బదులు ఒప్పుకుంటుంది. పేరు, పుట్టిన తేదీ, పూర్తి చిరునామా, రాసిన చోటు, తేదీ ఉండి, అబద్ధమైతే శిక్షకు లోబడతానన్న వాక్యం ఉండాలి. ఏది సరిపోతుందో ఆ కోర్టు కోఆర్డినేటర్‌ను ముందే అడగండి.

యజమాని చనిపోయి ఉంటే. తహసీల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల ధ్రువపత్రం బంధుత్వం చూపడానికి పనికొస్తుంది. అయితే టెక్సస్ భూమి ఎవరికి ఎంత అన్నది టెక్సస్ చట్టమే తేలుస్తుంది. వీలునామా లేకుండా భర్త పోయి, పిల్లలందరూ ఆ దంపతులకే పుట్టినవాళ్లయితే, పెళ్లయ్యాక కూడబెట్టిన ఉమ్మడి ఆస్తి మొత్తం భార్యకే వస్తుంది. ఇండియా లెక్కలో తల్లికీ పిల్లలకీ సమానంగా పంచి అర్జీ రాసుకొస్తే కోర్టులో నిలబడదు. ఆస్తితో లాభం లేని ఇద్దరు సాక్షులతో వారసత్వ అఫిడవిట్ చేయించండి. తెలుగులో ఉన్న పత్రాలకు ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం జతపరచాలి.

7. దాఖలు చేసి అందరికీ నకళ్లు పంపండి

ఈఫైల్ టెక్సస్ ద్వారా ఇండియా నుంచే దాఖలు చేయవచ్చు. దాఖలైన స్టాంపు ఉన్న కాపీ చేతికొచ్చేదాకా పని అయిందనుకోవద్దు, "సబ్మిటెడ్" అన్న మెసేజ్ చాలదు. కోర్టు ఫీజు కట్టే స్తోమత లేకపోతే అది చెప్పే ఫారం ఉంది, కట్టనక్కర్లేకుండా చేస్తారు.

తర్వాత పాత కేసులో ఉన్న ప్రతి పార్టీకీ అర్జీ నకలు అందాలి, అదీ వాయిదాకు కనీసం 20 రోజుల ముందు. డాలస్ కౌంటీ కేసంటే కౌంటీ, సిటీ, స్కూల్ డిస్ట్రిక్ట్, పార్క్‌లాండ్ హాస్పిటల్ డిస్ట్రిక్ట్, డాలస్ కాలేజ్ ఇలా వరసగా ఉంటాయి. సాధారణంగా వీటన్నిటి తరఫున ఒకే లా ఫర్మ్ ఉంటుంది, తీర్పు చివరి పేజీలో పేరు చూడండి. బ్యాంకు, హెచ్ఓఏ, సహ యజమానులు, కోర్టు నియమించిన లాయరు ఎవరినీ వదలొద్దు. ఎవరికి, ఏ తేదీన, ఏ పద్ధతిలో పంపారో రాసిన సర్టిఫికెట్ ఆఫ్ సర్వీస్ అర్జీ చివర పెట్టండి. వాయిదా తప్పడానికి ఎక్కువగా కారణం ఈ 20 రోజుల లెక్కే, కాబట్టి నెల పైన గడువుండేలా తేదీ తీసుకోండి.

వాయిదా దానంతటది పడదు. కోర్టు కోఆర్డినేటర్‌ను అడిగి తేదీ తీసుకోవడం, ఆ నోటీసు కూడా అందరికీ పంపడం మీ పనే. అర్జీ పడేసి కూర్చుంటే అది అలాగే పడి ఉంటుంది.

8. వాయిదా రోజు

డీడ్, తీర్పు, లీన్ రిలీజ్, పన్ను స్టేట్‌మెంట్, గుర్తింపు కార్డు, నకళ్లు అందినట్టు రుజువులు వరసగా పెట్టుకోండి. పన్ను సంస్థల లాయరుకు రెండు మూడు రోజుల ముందే ఫోన్ చేసి "మీ క్లెయిమ్ ఏమైనా ఉందా" అని అడగండి. లేదంటే ఆ మాట మెయిల్‌లో రాసిమ్మనండి. ఇది జడ్జి ముందు సగం పని తేలిక చేస్తుంది.

ఆర్డరు ముసాయిదా మీరే తయారుచేసి తీసుకెళ్లాలి. మొత్తం ఎంత, ఎవరెవరికి ఎంత, చెక్కు మీద పేరు ఎలా ఉండాలి, ఏ చిరునామాకు పంపాలి అన్నీ అందులో ఉండాలి. గుర్తింపు కార్డు మీద పేరు ఎలా ఉందో అలాగే రాయండి. ఇద్దరు యజమానులుంటే విడివిడి చెక్కులు అడగండి, ఇద్దరి పేర్లతో ఒకటే చెక్కు వస్తే అది మార్చుకోవడం మరో ప్రహసనం.

9. చెక్కు తీసుకోండి

సంతకమైన ఆర్డరు, డబ్ల్యూ-9 ఫారం (మీ పన్ను నంబరు తెలిపేది), గుర్తింపు కార్డు నకలు క్లర్కు రిజిస్ట్రీ విభాగానికి ఇవ్వాలి. అమెరికా పన్ను నివాసి కానివారు డబ్ల్యూ-9 మీద సంతకం పెట్టకూడదు, డబ్ల్యూ-8బెన్ ఇవ్వాలి. అప్పీలు గడువు 30 రోజులు దాటాకే చెక్కు రాసే క్లర్కులూ ఉంటారు, కంగారుపడొద్దు.

లెక్క సరిపోయిందా?

మొదట చెప్పిన తొంభై వేల పాటనే ఉదాహరణగా తీసుకుందాం. ప్రకటన, కోర్టు, షెరిఫ్ ఖర్చులు 4,200. తీర్పులోని పన్నులు, వడ్డీ, లాయర్ల ఫీజులు 23,800. రిజిస్ట్రీలో పడవలసింది 62,000 డాలర్లు. తీర్పు తర్వాతి పన్ను 5,100, హెచ్ఓఏ 3,900 రుజువు చేసుకున్నాయి. మిగిలింది 53,000. స్నేహితుడితో చెరిసగం కొన్నదైతే మీ వాటా 26,500. రిజిస్ట్రీలోంచి తీసేటప్పుడు వడ్డీ రాని సొమ్ము మీద క్లర్కు 5 శాతం, 50 డాలర్లకు మించకుండా, పట్టుకుంటాడు. చేతికొచ్చే చెక్కు 26,450. లాయరును పెట్టుకుంటే అందులోంచి 1,000 లోపు.

పాట మొత్తంలోంచి తీర్పు మొత్తం, ఖర్చులు తీసేసి, రిజిస్ట్రీ అంకెతో పోల్చండి. తేడా వస్తే వేలం వేసిన అధికారి కోర్టుకు తిరిగిచ్చిన రిటర్న్ కాగితం అడిగి తీసుకోండి, ఏ పద్దు కింద ఎంత పోయిందో అందులో ఉంటుంది. తీర్పులో లేని పన్ను ఏడాది ఏదైనా అందులో కనిపిస్తే, లేదా హెచ్ఓఏ వాళ్లు వేలం తర్వాతి నెలల బకాయి కూడా కలిపి అడిగితే, వాయిదాలోనే అభ్యంతరం చెప్పాలి. ఆర్డరు పడ్డాక కష్టం.

డబ్బు వచ్చిన ఏడాది పన్ను రిటర్నులో దీన్ని "దొరికిన డబ్బు"లా చూపించొద్దు. పన్ను వేలం కూడా ఆస్తి అమ్మకమే, కొన్న ధర తీసేసి లాభమో నష్టమో లెక్క వేయాలి. తీర్పు, షెరిఫ్ డీడ్, ఆర్డరు, చెక్కు నకలు నాలుగూ మీ సీపీఏకి ఇవ్వండి. ఇండియాలో నివాసి అయితే అక్కడి ఆడిటరుకు కూడా ఒక సెట్టు.

అర్జీ కొట్టేస్తే, లేదా మీ వాటా తగ్గించి ఆర్డరు ఇస్తే, దాని మీద అప్పీలుకు చట్టంలోనే వీలుంది. ఆర్డరు సంతకమైన రోజు నుంచి 30 రోజుల్లో అప్పీలు నోటీసు వేయాలి, అక్కడ మాత్రం లాయరు లేకుండా దిగొద్దు.